ముందు లక్ష్మి, తర్వాత తక్‌పట్టీ

వెంకట్రాజం ముందు అసలు ఫైలుకు ఒక ఫ్లాపీలోకి నకలు తీశాడు. ఆ ఫ్లాపీ మీద తేదీ వేసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండు చూపుడు వేళ్లతో మీటలు వెతుక్కుంటూ, యంత్రం లేవగానే ఏమేం తెరవాలో రాసి ఉన్న ఆ చిన్న ఫైలునే తెర మీదికి తెచ్చాడు. మూడు వరుసలు. మొదటిది లక్ష్మీదేవి బొమ్మ, పాట. రెండోది పంచాంగం. మూడోది తక్‌పట్టీ, అంటే రైతుకు తూకం, ధర రాసిచ్చే చీటీ.

ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు అమ్మిపెట్టే పాండురంగం సేటు అడ్తి దుకాణానికి ఆ కంప్యూటరు 1989లో వచ్చింది. దీపం పెట్టకుండా దుకాణమే తెరవం, దీన్నెట్లా తెరుస్తామని సేటు పట్టుబట్టి ఆ వరుస పెట్టించాడు. పొద్దున ఒక్కసారైతే ఫరవాలేదు. కరెంటు రోజుకు ఎనిమిదిసార్లు పోయేది. వచ్చిన ప్రతిసారీ పాట ముగిసేదాకా లక్ష్మి కదిలేది కాదు. పంచాంగం వచ్చి కూర్చున్నాక తక్‌పట్టీకి మెమరీలో చోటు చాలక ఒక్కోసారి యంత్రం బిగుసుకుపోయేది. ఆపి తిరిగి వేస్తే మళ్లీ పాటే.

ఏడో తరగతి చదివిన వెంకట్రాజం ఇరవై రెండేళ్లు ఆ చీటీలు చేత్తో రాశాడు. యంత్రం వచ్చాక ఇంగ్లీషు పుస్తకం, నిఘంటువు పక్కపక్కన పెట్టుకుని మూడు నెలల్లో నేర్చుకున్నాడు. వరుస మారుస్తానని రెండుసార్లు అడిగాడు.

"లక్ష్మి జోలికి పోతే నీ కుర్సీల ఇంకొకడు కూసుంటడు," అన్నాడు సేటు. ఊరికే అనే మనిషి కాదు.

ఆ రోజు సేటు పెళ్లికి పోయాడు. మధ్యాహ్నం మబ్బు పట్టింది. చేతిరాత చీటీలు సేటు ఎప్పుడో మాన్పించాడు; యంత్రం చీటీ లేనిదే తూకమైన బస్తాలను హమాలీలు షెడ్డులోకి మోయరు. ఎండుమిర్చి తడిస్తే నల్లబడుతుంది. సోమక్క అనే రైతు కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏం రాజన్నా, అమ్మవారి పాట అయిందా, ఇంకో చరణమున్నదా?"

"కరెంటు మళ్ల పోయిందక్కా."

"మా అత్త సుత గింతసేపు మొక్కది. కాయ తడిసినంక నీ చీటీ ఏం జేసుకోవాలె?"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. వెంకట్రాజం నవ్వలేదు. కరెంటు రాగానే, ముందు ఫ్లాపీలోకి నకలు తీసుకుని, ఆ మూడు వరుసల ఫైలు తెరిచాడు.

చేతిరాత రోజుల్లో తప్పు పడ్డ అంకెను అతను రబ్బరుతో చెరిపేవాడు కాదు. కింద ఏముందో కనబడేలా ఒక్క గీత కొట్టేవాడు. ఇప్పుడూ అంతే. పై రెండు వరుసల ముందు, వాటిని దాటిపొమ్మని చెప్పే మూడక్షరాలు చేర్చి, యంత్రాన్ని ఆపి తిరిగి వేశాడు. తక్‌పట్టీ నేరుగా తెరుచుకుంది. చినుకులు పడేసరికి సోమక్క బస్తాలు షెడ్డులో ఉన్నాయి.

మరునాడు సేటు మీట నొక్కాడు. పాట రాలేదు.

"లక్ష్మినే ఎల్లగొట్టినవా?"

"ఎల్లగొట్టలే సేటూ. పక్కకు కూసోపెట్టిన. మూడక్షరాలు తీస్తే మళ్ల వస్తది."

"అయితే నువ్వు సుత పక్కకు కూసో."

కుర్చీ సేటు అల్లుడు గోపాల్‌కు పోయింది. పాత వరుస తిరిగి పెట్టి పక్కకు తప్పుకొమ్మన్నాడు సేటు. వెంకట్రాజం పెట్టాడు. మధ్యాహ్నంలోపే కరెంటు మూడుసార్లు పోయింది. కిటికీ ముందు తిట్లు మొదలయ్యాయి. సేటు చెమట తుడుచుకుంటూ వెంకట్రాజం దగ్గరికి వచ్చాడు.

"నిన్న జేసినట్టే జెయ్. పొద్దుగాల ఒక్కపాలి గోపాల్ అమ్మవారిని సూపిస్తడు."

"మరి నా కుర్సీ?"

"అన్న మాట అన్నట్టే."

గోపాల్ లేవలేదు. వెంకట్రాజం అతని భుజం మీదుగా వంగి, ఆ మూడక్షరాలు మళ్లీ చేర్చాడు. ఆపి, వేసి, రెండుసార్లు చూశాడు. బొమ్మ కావాలంటే ఏం కొట్టాలో కాగితం మీద తెలుగులో రాసి, జేబులోని పాత వరుస ఫ్లాపీతో కలిపి గోపాల్ చేతిలో పెట్టాడు.