నూరు రోజుల గిటారు

లోసలీనిది ఎడమచేతి వాటం. కొబ్బరి కోరినా, చేప కోసినా ఆ చేత్తోనే. తమ్ముడు సైరుసీ అంతే, గిటారు తిరగేసి పట్టి వాయించేవాడు. వాణ్ణి సముద్రం మింగాక, మా ఫిజీ ఆనవాయితీ ప్రకారం ఊళ్లో నూరు రోజులు పాట వినిపించకూడదు. అంతవరకూ గిటారు ముట్టని లోసలీని, ఆ నూరు రోజులూ వాడిలాగే దాన్ని తిరగేసి పట్టుకుని, చప్పుడు రానివ్వకుండా తీగలు నొక్కుతూ కూర్చుంది. కుడిచేతి వేళ్ల కొసలు కాయలు కాశాయి. గడువు తీరిన సాయంత్రం, కావా అనే వేరు పానీయం తాగుతున్న పెద్దల ముందు తొలిసారి తీగలు మీటింది. మోగింది సైరుసి సొంతంగా కట్టుకున్న పాట.

"ఎవరు నేర్పారే?" అన్నాడు తోమాసి మామ.

"ఎవరూ నేర్పలేదు మామా. ఆపుదామన్నా చెయ్యి ఆగట్లేదు."

ఆయన కొబ్బరి చిప్పతో కావా ముంచి, ఆమె పక్కనున్న ఖాళీ చాప మీద పెట్టి, ఎవరో తాగినట్టే, కావా తాగినవాళ్లకి కొట్టే మూడు చప్పట్లూ కొట్టాడు. లోసలీని వాయిస్తూనే కాస్త జరిగి చోటిచ్చింది.