పలకని సోమవారం

ఆ ఆసుపత్రిలో ఏ డాక్టరుకు జలుబు చేసినా ముందుగా తెలిసేది రెండో అంతస్తు చివరి గదిలో కూర్చునే టైపిస్టమ్మకే. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, రిపోర్టులుగా టైపు చేయడం ఆమె పని. పుట్టుకతోనే చూపు లేదు. పందొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. కుడి చెవిలో డాక్టరు గొంతు, ఎడమ చెవిలో తాను కొట్టిన ప్రతి మాటనూ చదివి వినిపించే కంప్యూటరు గొంతు. కాలి కింద ఒక పెడలు. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగిపోతాడు.

"డాక్టర్ల నోరు మూయించగలిగేది నేనొక్కదాన్నే," అని ఆమె నవ్వేది.

కంప్యూటరుది మగగొంతు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుండేది. ఇంట్లో తోడుగా ఉండిన అక్క దాన్ని "మా మరిదిగారు" అనేది. ఈమె ఇంటికి రాగానే "ఏమే, ఇవాళ మరిదిగారు ఏమంటున్నారు?" అని ఆటపట్టించేది. అక్క పోయి మూడేళ్లయింది. ఆ రెండు గదుల ఇంట్లో ఇప్పుడు "ఏమే" అని పలకరించేవాళ్లు లేరు.

పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాలం చెల్లిందనీ, అన్ని కంప్యూటర్లకూ కొత్తది వేస్తున్నామనీ ఆఫీసువాళ్లు చెప్పారు.

"నాకు చదివి వినిపించే ప్రోగ్రాం కొత్తదాంట్లో నడుస్తుందో లేదో ముందు చూడండి సార్," అని ఆమె రెండుసార్లు అడిగింది.

"అన్నీ నడుస్తాయమ్మా, కంగారు పడకండి," అన్నాడు సూపరింటెండెంటు.

కొత్తది వేశాక సోమవారం వచ్చి ఆమె స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది. గొంతు మాత్రం రాలేదు. ఇయర్‌ఫోను తీసి మళ్లీ పెట్టింది. తెలిసిన మీటలన్నీ నొక్కింది. పెడలు తొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కంప్యూటర్ల ఇంజనీరు వచ్చి అరగంట కుస్తీ పట్టాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మొహమాటస్తుడు.

"ఈ ప్రోగ్రాం చేసిన కంపెనీయే మూతపడిందమ్మా. కొత్త సిస్టమ్ దీన్ని గుర్తుపట్టట్లేదు. ఆ పెడలుకైతే తగిలించే చోటే లేదు. కొత్తదానికి సొంత గొంతు ఒకటుంది గానీ మీటలన్నీ వేరు."

"అయితే పాతదే మళ్లీ వేసేయండి."

"వేస్తే భద్రత లేదని నెట్‌వర్కులోకి రానివ్వరు. రోగుల వివరాలు కదా."

ఊరికే కూర్చుంటే పొద్దుపోదు కదా అని సూపరింటెండెంటు ఆమె ముందు కవర్ల కట్ట పెట్టించాడు. నాలుగు రోజులు కవర్లు మడిచింది. చెవుల్లో ఏమీ లేకపోవడంతో గదిలో మిగతావాళ్ల మాటలన్నీ వినబడసాగాయి. ఎవరి ఆడపడుచు అలిగిందో, ఎవరింట్లో పైకప్పు కారుతోందో అన్నీ తెలిశాయి. ఆమె వైపు మాత్రం ఒక్క మాటా రాలేదు. మూడో రోజు ఉండబట్టలేక, "మీ పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగింది.

పక్కన కుర్చీ కిర్రుమని ఇటు తిరిగింది.

"మీకెలా తెలుసు?" అంది పక్క బల్ల ఆవిడ.

"ఇప్పుడే అన్నారు కదండీ."

"ఓహో... తగ్గిందండీ."

ఆ తర్వాత వాళ్లు గొంతులు తగ్గించుకుని మాట్లాడుకున్నారు. ఆమె తల దించుకుని కవర్ల అంచులు గోటితో గీస్తూ కూర్చుంది.

ఐదో రోజు కవర్ల కట్టను పక్కకు నెట్టి ఇంజనీరును పిలిపించింది. "కొత్త సిస్టమ్‌లో సొంత గొంతేదో ఉందన్నారే, దాన్నే పెట్టండి. నేర్చుకుంటా."

అది ఆడగొంతు. తేనె పూసినట్టుంటుంది, మధ్యలో ఊపిరి కూడా పీల్చుకుంటుంది. మీటలన్నీ వేరు. మందుల పేర్లన్నీ తప్పు. ఇంజనీరు పక్కన కూర్చుని మీటలు చదివి చెప్పాడు. పెడలుకు బదులు మూడు మీటలు తనే అమర్చుకుంది. తప్పు పలికిన ప్రతి మందు పేరునూ పట్టుబట్టి సరిచేసింది. ఆరు వారాలకు రిపోర్టులు మళ్లీ కదిలాయి. మునుపటి వేగం రాలేదు. ఆ తియ్యటి గొంతుతో చనువూ కుదరలేదు.

అప్పుడు ఇంజనీరు ఒక ఫోన్ నంబరు తెచ్చాడు. ఇంకో ఆసుపత్రిలో చూపులేని టైపిస్టు ఒకావిడకు ఇదే గతి పట్టిందట. శనివారం మధ్యాహ్నం ఈమె ఫోన్ చేసి మీటల అమరిక ఒక్కొక్కటే చెప్పింది.

"మూడో మీటకి డాక్టరు మాట వెనక్కి జరగడం పెట్టుకోండి. రెండు క్షణాలు చాలు."

"ఉండండి... ఆఁ, వచ్చింది! అమ్మయ్య. నెల రోజుల్నించీ నాచేత ఫైళ్లకి దారాలు కట్టిస్తున్నారండీ."

"నాచేత కవర్లు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. తన నవ్వు గోడకు తగిలి తిరిగి వినబడితే ఆమె ఉలిక్కిపడింది. పని అయిపోయింది. అవతలావిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

మరుసటి శనివారం అదే వేళకు ఈమె మళ్లీ ఆ నంబరు నొక్కింది.

"ఆ మూడో మీట గురించి ఒకటి చెప్పడం మర్చిపోయానండీ," అంది.

మర్చిపోయిందేమీ లేదు.