నేను మార్చి చెప్పిన మాట

కోటో అనే పొడవాటి తంత్రీవాద్యం వాయించే జపాన్ ఆవిడ వెంట, హైదరాబాద్ నుంచి చీరాలలోని ఓ నేతింటికి దుబాసీగా వెళ్లాను. మగ్గం మీద చీర అంచుకు తన సొంత పువ్వు వేస్తున్న కోడలు తలెత్తి, "మీకింత పేరు ఎలా వచ్చిందండీ?" అని అడిగింది.

"తీగల్ని రాతితో గీకి వాయించానని గురువు వెళ్లగొట్టారు. ఇప్పటికీ అలాగే వాయిస్తున్నాను," అందావిడ.

పక్కనే కూర్చున్న అత్తగారి ముందు ఆ మాట బాగుండదని, "అంతా గురువుగారి దీవెనట" అన్నాను.

అత్తగారు అందుకుంది. "విన్నావా? పెద్దల మాట విన్నది కాబట్టే పైకొచ్చింది. ముందా పిచ్చి పువ్వు పీకెయ్యి!"

కోడలు నేసినదంతా విప్పసాగింది.

"ఎందుకు విప్పేస్తోంది?" అని జపాన్ ఆవిడ నన్నడిగింది.

"పొరపాటు పడిందట" అన్నాను.

నా మర్యాద మండిపోను! కోడలి వైపు తిరిగి, "అమ్మా, పొరపాటు పడింది నువ్వు కాదు, నేను. ఈవిడ తన గురువు మాట వినలేదు" అన్నాను.