అమ్మకు వినిపించిన కర్ర చప్పుడు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొస్తుంది. నేను నమ్మేది లెక్కను. బొగ్గు గనుల్లో నా ఉద్యోగమే అది. లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గు పొరను వరసగా కోసుకుంటూ పోతే వెనక పైకప్పు కూలుతుంది. అప్పుడు పైన పొలాలు, ఇళ్ళు ఎంత కుంగుతాయో ముందే లెక్కగట్టి చెబుతాను. కొంచెం పొగరు కూడా ఉంది, ఒప్పుకుంటాను.

మా ఇల్లు కేజీఎఫ్‌లో, గని కార్మికుల వరస ఇళ్ళలో ఒకటి. నాన్న బంగారు గనిలో దిగినవాడు. లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పు రాయిని ఇనప కడ్డీతో తట్టి వినేవాళ్ళట. ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా పలికితే వదులు. గని మూతపడ్డా ఆయనకు ఆ అలవాటు పోలేదు. రోజూ కాఫీకి ముందు చేతికర్రతో గదిగదికీ నేల తట్టేవాడు, ఒక్కో గదికి నాలుగు దెబ్బలు.

చివరి ఏడాది వెనక గదిలో ఆగి, "ఈ రూం సౌండు సరిగా లేదమ్మా. కింద బోలుగా ఉండాది" అని నాతో అన్నాడు.

నేను పాత గని ప్లాన్ సంపాదించి, నాకు తెలిసిన లెక్కంతా వేసి, ఇంటికేమీ కాదని తేల్చాను. నాన్న ఆ ప్లాన్ చూసి "ఇది గీసినోడు నేల తట్టి చూసినాడా?" అని అడిగాడు. నవ్వేశాను.

తర్వాత ఆయన పోయాడు. కర్రను ఆయన శవపెట్టెలోనే ఉంచి సమాధి చేశాం. వెనక గదిలోని తన మంచం ముందు గదిలోకి మార్చమని అమ్మ అడిగితే, అక్కర్లేదని నేనే ఆపాను.

పోయినేడు సెలవుకు వెళ్ళాను. పొద్దున పదకొండు గంటలప్పుడు ఆ మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వీధి అరుగు మీద రాగులు చెరుగుతోంది. ఒక మాట ముందే చెప్పాలి. అమ్మకు చెవులు వినపడవు. పక్కనే కుక్కర్ కూసినా తెలియదు. చెవి మిషను కొనిస్తే గోలగా ఉందని డబ్బాలో పడేసింది.

చేట చేతిలో ఉండగానే లోపలికి వచ్చింది. "రా లిల్లీ, బయటికి రా. మీ నాయన తడతా ఉండాడు."

నాకు ఏ చప్పుడూ వినపడలేదు. ఒళ్ళు మండింది. "యాడమ్మా?" అని అరిచాను.

"ఈడనే. మూడుతూర్లు బాగుండాది. నాలుగోది బోలు. ఇంగ కూచోవద్దు, లెయ్."

ఆమెతో వాదించాలంటే గొంతు చించుకోవాలి. ఆ ఓపిక లేక లేచి వెళ్ళాను.

అరుగు దిగి నాలుగడుగులు వేశామో లేదో, లారీ మట్టి దింపినంత చప్పుడైంది. వెనక గదికి నేల లేదు. మంచం, లాప్‌టాప్, నా లెక్కలు అన్నీ గుంతలో ఉన్నాయి. అంత చప్పుడూ అమ్మకు వినపడలేదు. దుమ్ము లేచాక వెనక్కి తిరిగింది. రోడ్డు మీదే ఆమెను వాటేసుకుని ఏడ్చాను. ఇద్దరం బతికున్నామన్న సంతోషంతో ఏడ్చాను.

ఆ ఇల్లు ఎందుకు కుంగిందో తెలిసింది. బొగ్గు పొర పరుపులా పడుకుని ఉంటుంది, నా లెక్క దానికి సరిపోతుంది. మా ఊరి బంగారు రాయి దాదాపు నిటారుగా దిగుతుంది. ఎప్పుడో దాన్ని పైపైన తవ్విన ఒక బిలం ప్లాన్‌లోకే ఎక్కలేదు. తప్పు నాదే. కూలేముందు రాయి టకటకమంటుందనీ తెలుసు. కానీ దాని మీదే కూర్చున్న నాకు వినపడలేదు. అరుగు మీది అమ్మకు, ఆ చెవులకు, దెబ్బలు లెక్కపెట్టేంత బాగా ఎలా వినపడింది?

ఇప్పుడు అమ్మ ముళబాగిలులో అద్దెకుంటోంది. నాన్న చప్పుడు మళ్ళీ వినపడిందా అని, సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఆమె చెవి దగ్గర అరిచి అడుగుతాను.

"లేదు" అంటుంది. "ఈడ నేల బాగుండాది కదా, ఆయనకేం పని?"

ఇన్నేళ్ళ నా చదువులో అంతకన్నా మంచి జవాబు నాకింకా దొరకలేదు.