రాయనుకొని నేను ఏరేసిన కుంట

"ఏమ్మా సుగుణా, ఈ చెరువేంది తామరపువ్వు మాదిరి ఉండాది?"

అడిగింది మా సారు. ఆయన పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాఫీసరు. బల్ల మింద నేను రంగులేసిన పటం. నేనేమో పెండ్లిచూపుల్లో కూర్చున్నదాని మాదిరి తల వంచుకొని ముసిముసిగా నవ్వుతా ఉండా. పొగుడుతా ఉండారనుకుంటి! ఇంకో పావుగంటలో మా సారు పనికీ, మా ఇద్దరి కొలువుకీ నేనే ఎసరు పెట్టబోతా ఉండానని నాకేం తెలుసు?

ఉండండి, మొదట్నుంచి చెప్తా. అప్పుడే నవ్వేయద్దండి, నవ్వాల్సింది ముందర ఉండాది.

నాలుగేండ్ల కిందటి మాట. తిరపతిలో ఒక కాలేజీలో ఈ సారు, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన ఫోటోలను పటాలుగా చేస్తా ఉండె. ఫోటో అంటే మీరనుకునే ఫోటో కాదు. అంతా అంకెలే! మద్రాసులో ఎవురిదో కంప్యూటరు చాపంత కాగితం నిండా అంకెలు అచ్చేసి పంపిస్తాది. ఒక్కో గడిలో ఒక్కో అంకె, ఒక్కో అంకె ఒక్కో నేల ముక్క. పన్నెండు లోపల ఉంటే నీళ్ళు, నీలం పూయాల. నలభై దాటితే పైరు, పచ్చ పూయాల. నడాన ఉండేదంతా బీడు, దానికి పసుపు. పదో తరగతి తప్పిన నాకూ, నాకంటే నాలుగేండ్లు పెద్దదైన శాంతక్కకూ అదే పని.

శాంతక్క ఒక్కో గడికీ పెన్సిలు చెక్కి, మూతి ముడిచి, రంగేసి, ఉఫ్ మని ఊది... కాగితానికి నాలుగు దినాలు పట్టేది. సారు తల పట్టుకున్నాడు.

"సోమవారం ఆఫీసరు వస్తాడమ్మా. కార్వేటినగరం దిక్కు కాగితాలు ఇంకా అట్లే ఉండాయి. ఎట్ల చేసేది?"

"నాకియ్యండి సారూ, రెండు దినాల్లో ఇస్తా."

"ఎట్ల?"

"ముగ్గు మాదిరి! ఒకే రంగు గడులన్నిటికీ ముందు చుట్టూ గీత గీసేస్తా. లోపలంతా కుంచెతో ఒకటే పూత!"

సారు ఒక మూల చేయించి చూసినాడు. నిజంగానే బో తొందరగా అయింది. "నీకు బుర్ర ఉండాదమ్మా!" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా తల పోయి ఫ్యానుకి తగిలింది.

పని తొందరగా అయిపోతే మిగిలిన పొద్దంతా ఏం చేయాల? నాణ్యం పెంచాలని బుద్ధి పుట్టింది. (ఆ బుద్ధి పుట్టినప్పుడే ఎవరన్నా నన్ను గదిలో తోసి గొళ్ళెం పెట్టింటే బాగుండు.) పసుపుపచ్చ బీడు నడాన ఆడొక నీలం చుక్క, ఈడొక నీలం చుక్క. చూస్తే పులిహోరలో చీమలు పడినట్టుండాది.

"అక్కా, ఇవి తప్పంకెలు."

"నీకెట్ల తెలుసే?"

"అంత ఎత్తున గిరగిరా తిరిగితే మనకే కండ్లు తిరగతాయి. మిషనుకి తిరగవా? తడబడి తక్కువ లెక్క రాసేసింటాది."

"ఏ గడికి ఆ గడే అన్నాడు గదే సారు! సూడు, రేపు నా పేరు ఎత్తొద్దు."

నేను వింటానా! బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో చుక్కనీ ఏరి, దాని మింద పసుపు మెత్తేసినాను. అంతటితో ఆగినానా? పెద్దచెరువు ఒకపక్క ఉబ్బి, ఇంకోపక్క ఎలక కొరికినట్టుండాది. ముగ్గులో ఎడమపక్క రెక్క ఉంటే కుడిపక్క ఉండొద్దా? పెట్టినాను. మొత్తం ఎనిమిది రెక్కలు.

ఇప్పుడు మళ్ళా బల్ల కాడికి రండి.

ఆఫీసరు కండ్లద్దాలు తుడుచుకొని పెట్టుకున్నాడు. "చెరువు సంగతి తరవాత. ఏ రికార్డులోనూ లేని చిన్న చిన్న కుంటల్ని కూడా చూపిస్తానన్నారు. అది చూద్దామనే కదా నేనింత దూరం వచ్చింది. ఎక్కడండీ? ఒక్కటీ లేదే!"

సారు ముఖం సున్నం కొట్టిన గోడయిపోయింది. నేను గభాలున పటం మిందికి వంగినాను. చిన్న చిన్న కుంటలా? అంటే... చుక్కలా?

"అవి నేను ఏరేసినాను సార్."

"ఏరేశావా?"

"రాళ్ళనుకొని."

సారు బీరువాలో నుంచి ఆ అంకెల కార్బన్ కాపీ తీసి, వెతికి వెతికి ఒక గడి మింద వేలు పెట్టినాడు. "ఇదిగో, కొండకీ రోడ్డుకీ నడాన తొమ్మిది. నీళ్ళే కదమ్మా ఇది?"

అప్పుడు నేను నోరు మూసుకొని ఉంటే కథ ఆడికి అయిపోవును. కానీ అది మా మేనత్త ఊరి పక్కన. నాకు రోషం వచ్చేసింది.

"ఆడ నీళ్ళు యాడుండాయి సారూ? ఒట్టి బీడు! ఎన్ని తూర్లు పోయినాను నేను! మేకలు మేస్తా ఉంటాయి."

"అయితే రేపు పొద్దున్నే జీపులో వెళ్ళి చూద్దాం," అన్నాడు ఆఫీసరు. "నీళ్ళుంటే మీ పద్ధతి సరైనదే, పని సాగనిద్దాం. లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం. దారి చూపడానికి ఈ అమ్మాయిని కూడా రమ్మనండి."

శాంతక్క నా జబ్బ గిల్లింది. "ఓసి పిచ్చిదానా! నీళ్ళు లేవని నువ్వే సాచ్చెం చెప్తా ఉండావే! రేపట్నుంచి ఇద్దరం ఇంట్లో కూసోని చింతపండు కొట్టుకుందామా?"

అప్పుడు తెలిసొచ్చింది, నా మాట నిజమైతే మా కొలువు పోతాదని. ఆ సాయంత్రం కొండ దిక్కు తిరిగి మొక్కుకున్నా: "సామీ, నన్ను అబద్ధాలకోరును చెయ్యి." ఇట్ల మొక్కుకున్న మనిషిని మీరు ఇంకెవర్నన్నా చూసినారా?

మర్నాడు పొద్దున జీపు రోడ్డు పక్కన ఆగింది. తుమ్మచెట్లు, వాటెనక ఒక మట్టికట్ట. దారి చూపే దాన్ని కదా, వోణీ బిగించి నేనే ముందర ఎక్కినాను. పైన మట్టి మెత్తగా ఉండాదని కాలికి తెలిసేలోపల జర్రున జారి అవతల పడినాను. బుడుంగ్!

నడుములోతు నీళ్ళు. పక్కనే ఒక ఎనుము మూతి మాత్రం పైకి పెట్టి నన్ను చూస్తా ఉండాది. అప్పుడు గుర్తొచ్చింది, నేను మేనత్తింటికి పోయిందంతా ఎండాకాలం సెలవుల్లోనే అని.

కట్ట మింద ఆఫీసరు నవ్వాలో వద్దో తెలీక దగ్గుతా ఉండాడు. సారు చూడండి, దెబ్బ తగిలిందా అని అడగడే! "లోతుండాదా అమ్మా?" అంటాడు, పండగొచ్చిన ముఖంతో.

"ఉండాది సారూ! బో ఉండాది!"

"సరేనండీ, పని సాగించండి," అన్నాడు ఆఫీసరు.

నీళ్ళలో ఎట్లాగూ నిలబడే ఉండాను కదా అని, సూర్యుడి దిక్కు తిరిగి, ఎనుము సాక్షిగా సంకల్పం చెప్పుకున్నా: ఈ పొద్దు మొదలు నేను అంకెను దిద్దను. చెరువుకి రెక్కలు పెట్టను. నా కంటికి బాగలేదని ఎవురి నీళ్ళనీ తుడిచెయ్యను. తుడిస్తే ఈ కుంటలోనే కప్పనై పుడతాను.

ఆ మాట అయినాక, "సారూ, మీ చేతిలో ఉండే ఆ అంకెల కాపీ, జేబులో నీలం పెన్సిలు ఇట్లియ్యండి" అని చెయ్యి చాపి, నీళ్ళలో నిలబడే ఆ గడికి రంగేసినాను. కింద బల్ల లేక ఒకపక్క వంకరగా వచ్చింది. వంకరగానే ఉండనిచ్చినాను.