మా టీచరు గారి రెండున్నర

మా లెక్కల టీచరు గారు పోయారని సోమవారం పొద్దున తెలిసింది. నందిగామలో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీలో క్లాసు జరుగుతుండగా నాన్న ఫోన్ చేశాడు. క్లాసులో ఉంటే ఎత్తనని తెలిసీ ఆపకుండా చేశాడు. వరండాలోకి వచ్చి ఎత్తితే, "మీ టీచరమ్మ ప్రభువులో నిద్రించిందంటమ్మా. నేను జగ్గయ్యపేట వెళ్తున్నా. నువ్వు అటే వచ్చెయ్" అన్నాడు. తిరిగి లోపలికి వెళ్లి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసే బయల్దేరాను. మధ్యలో వదిలేసి వెళ్తే ఆవిడే ఒప్పుకునేవారు కాదు.

చిల్లకల్లులో నేను హైస్కూల్లో చదివినన్నాళ్లూ ఆవిడ రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు. లెక్క ఇవ్వగానే మమ్మల్ని పెన్ను తియ్యనిచ్చేవారు కాదు. "ముందు ఒక అంచనా చెప్పమ్మా. తప్పైతే నీ సొమ్మేం పోయింది?" అనేవారు. అందరూ అంచనాలు చెప్పాకే లెక్క మొదలు. జవాబు సరిగ్గా వచ్చిన పిల్లకన్నా, తన అంచనా ఎందుకు తప్పిందో చెప్పగలిగిన పిల్లంటేనే ఆవిడకు ముద్దు. ఈ అలవాటు మాకు ఎంత ముదిరిందంటే, చర్చిలో ప్రార్థన మొదలైతే అది ఎంతసేపు పడుతుందో కూడా అంచనాలు వేసుకునేవాళ్లం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడపిల్లలతో కూర్చుని అష్టాచెమ్మా ఆడేవారు. గవ్వలకు బదులు, ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు నాలుగు. తెలుపు ఎన్ని పైకి పడితే అన్ని గడులు జరగాలి. నాలుగూ తెలుపైతే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే సున్నా కాదు, అష్ట, అంటే ఎనిమిది. పెద్దావిడని కూడా చూడకుండా చెప్తున్నాను, ఆటలో ఆవిడ తొండి చేసేవారు. పట్టుకుంటే "ఏదీ, నాకేం కనపళ్లేదే" అని కళ్లజోడు మీదికి తోసేవారు.

ఒకరోజు ఆ పిక్కలు చేతిలో గలగలలాడిస్తూ, "ఒక్కో ఆటకి సగటున ఎన్ని పడతాయే?" అని అడిగారు. "నాలుగులో సగం రెండండి" అని అందరం ఒక్కసారే అన్నాం. ఆవిడ నవ్వి, నేల మీద సుద్దతో వేసి చూపించారు. ఒక్కో పిక్కకి తెలుపు, నలుపు సమానంగా పడతాయనుకుంటే, నాలుగు పిక్కలు పడే తీరులు పదహారు. అందులో ఒకటి పడేవి నాలుగు, రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. అన్నీ కలిపితే నాలుగూ, పన్నెండూ, పన్నెండూ, నాలుగూ, ఎనిమిదీ, మొత్తం నలభై. పదహారుతో భాగిస్తే రెండున్నర. మేం మర్చిపోయింది అష్టని. "రెండున్నర ఏనాడూ పడదు. కానీ నూరుసార్లు ఆడి చూడండి, దాని చుట్టే తిరుగుతారు" అన్నారు. దాన్ని ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ అంటారని నాకు ఇంటర్‌లో తెలిసింది. అప్పటికే అది నాకు ఇంట్లో మనిషి.

నేను పదో తరగతిలో ఉండగా నాన్న నన్ను నర్సింగ్‌లో వేద్దామని తీర్మానించేశాడు. మా వీధిలో చదువుకున్న ఆడపిల్లలంతా నర్సులే. అది గౌరవమైన పనే, కాదనను. కానీ నాకు లెక్కలు కావాలి. ఆ మాట నాన్నతో అనే ధైర్యం లేక టీచరు గారితో అన్నాను. ఆదివారం ఆవిడ మా ఇంటికే వచ్చారు.

"లెక్కలు దానికేం తిండి పెడతయ్యండి టీచరు గారూ?" అన్నాడు నాన్న.

"దాని సంగతి తర్వాత. కోత పండక్కి ఎంతమందికి పెడతాయో చూద్దామండి" అన్నారు ఆవిడ, టీ గ్లాసు దించకుండానే.

కోత పండుగంటే పొలంలో పండింది చర్చికి తెచ్చి దేవుడికి అర్పించే పండుగ. ఆ ఏడు పిల్లలకి అష్టాచెమ్మా పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కసారి పిక్కలు వెయ్యాలి, ఎన్ని పడితే అన్ని జామకాయలు. పిల్లలు రెండొందల మంది. కాయలు తెప్పించే బాధ్యత సంఘ పెద్దగా నాన్నది. "నాలుగులో సగం రెండు. నాలుగొందల కాయలు చాలు" అన్నాడు. నేను తలుపు చాటు నుంచి, "ఐదొందలు కావాలి నాన్నా, సగటున రెండున్నర పడతయ్" అన్నాను.

"రెండున్నర ఏ ఆటలో పడిందే? సగం కాయ కోసిస్తావా?"

ఇల్లంతా నవ్వింది. నాలుగొందలే వచ్చాయి. టీచరు గారు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఇంకెన్ని తెప్పించమంటావ్? నీ మాట మీదే తెప్పిస్తా" అన్నారు. వంద అన్నాను. "సగటంటే హామీ కాదమ్మా. పక్కన ఇంకో గుప్పెడు పెట్టుకోవాలి" అని నూటపాతిక తెప్పించి బెంచీ కింద పెట్టించారు. నాన్నకి ఆ సంగతి దాచలేదు. "మిగిలితే నేనే తింటాలెండి" అన్నారు. ఆయన నావైపు చూసి, "ఆ నూటపాతికా మిగిలితే లెక్కల మాట ఎత్తకు" అన్నాడు.

పండుగనాడు వరస కదులుతుంటే నేను పడ్డవన్నీ వేళ్ల మీద కూడుకుంటున్నాను. మొదట్లో అన్నీ ఒకట్లూ రెళ్లే పడ్డాయి. నాన్న మీసం దువ్వుకున్నాడు. నేను టీచరు గారి వైపు చూస్తే, ఆవిడ పక్కావిడతో వంకాయ పచ్చడి గురించి మాట్లాడుతున్నారు. తర్వాత అష్టలు మొదలయ్యాయి. నాన్న బుట్టలు ఖాళీ అయ్యేసరికి వరసలో ఇంకా నలభైమంది దాకా ఉన్నారు. ఆ చివర నిలబడినవాళ్లంతా అమ్మలతో పత్తి తీతకి వెళ్లి, ఆలస్యంగా వచ్చిన పిల్లలు. నాన్న ఖాళీ బుట్ట పట్టుకుని వాళ్లనే చూస్తూ నిలబడిపోయాడు. అప్పుడు టీచరు గారు లేవకుండానే, "ఏమ్మా, నీ కాయలు తీసుకురా" అన్నారు. నా కాయలు అన్నారు. బెంచీ కింద నుంచి బుట్టలు లాగుతుంటే నాకు కళ్లు కనపడలేదు, ఏడుపో సంతోషమో తెలియదు. ఒక్క పిల్ల కూడా వట్టి చేతులతో వెళ్లలేదు. పది పదిహేను కాయలు మిగిలాయి. అన్నట్టే ఆవిడ ఒకటి తీసి కొరికి, బుట్ట నాన్న ముందుకి జరిపారు. నాన్నా ఒకటి తీసుకున్నాడు. ఆ ఎండాకాలం సెలవలయ్యాక నందిగామలో ఎంపీసీలో చేరాను.

మొన్న జగ్గయ్యపేటలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లతో హాలు నిండిపోయి, బయట కూడా కుర్చీలు వేశారు. ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని పాస్టరు గారు అడిగారు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుండగా, మగవాళ్ల వైపు నుంచి నాన్న లేచాడు. ఆయన నలుగురిలో లేచి మాట్లాడటం నేను ఎన్నడూ చూడలేదు. మైకు చేతిలోకి తీసుకున్నాడు.

"నా కూతురు విషయంలో నేను చెప్పిన మాట ఈ టీచరు గారు వినలేదండి" అన్నాడు. "దేవునికి స్తోత్రం."

హాలంతా అలవాటుగా "స్తోత్రం" అంది. ఆయన కూర్చోలేదు. "అదిగో, ఆడవాళ్ల వైపు కిటికీ పక్కన కూర్చుంది చూడండి, అదే మా అమ్మాయి. నందిగామలో పిల్లలకి లెక్కలు చెప్పుద్ది" అంటూ నా వైపు చెయ్యి చాపాడు. అందరూ తిరిగి చూశారు. పాస్టరు గారు మైకు తీసుకున్నారు, పాట కూడా ఎత్తుకున్నారు. నాన్న ఆ చెయ్యి ఇంకా దించలేదు.