ముందుగది గొంతు

ముందు డబ్బాలో బఠానీలు గలగలమనేవి. ఆ వెంటనే వాలు కింద నుంచి ఒక పిలుపు, తడిగడ్డి మీదుగా పాకుతూ పైకి వచ్చేది. "హవే... హవే, మాయమ్మలూ! రండే, హవే!" ఎవరో బూడిద గుప్పెడు ఎగజల్లినట్టు ఆకాశంలో పావురాలు ఒక చుట్టు తిరిగి, ఆ పిలుపు వైపు వాలేవి. మనిషి అప్పటికింకా కనిపించేవాడు కాదు. మా ఊళ్లో చాలామందికి ఆల్విన్ టీస్‌డేల్ అంటే మొదట ఆ గొంతే.

తర్వాత మనిషి వచ్చేవాడు. పొట్టిగా, ఒక భుజం కిందికి జారి. ఉత్తర ఇంగ్లండులో మా డర్హమ్ బొగ్గుగనుల్లోకి పదిహేనో ఏట దిగాడు, గని మూసేసిన రోజు ఆఖరి లిఫ్టు బోనులో పైకి వచ్చాడు. అప్పటినుంచి ఆయనకు పావురాలే లోకం. పాత తలుపులు ఏరుకొచ్చి తానే కట్టుకున్న పావురాల కొట్టాన్ని మా వాళ్లందరిలాగే 'క్రీ' అనేవాడు. నా ఉల్లికాడల మడి దాని పక్కనే. నేను గునపం పట్టుకోగానే కంచె మీదుగా ఓ మాట పడేది.

"ఏటి మర్రా, ఆటికి పాలు తాపతన్నావేటి? దూడల్లాగ ఎదిగిపోనాయి!"

మర్రా అంటే గనిలో పక్కన నిలబడి తవ్వినవాడు. నేను ఏ గనిలోకీ దిగలేదు. అయినా ఆ మాట నాకు ఇచ్చేశాడు.

మా ఊరి ఇళ్లలో ముందుగది అని ఒకటుంటుంది. అందులో ఎవరూ కూర్చోరు. డాక్టరు వస్తే తెరుస్తారు, చర్చి ఫాదరు వస్తే తెరుస్తారు, ఇంట్లో శవపేటిక దించాల్సి వస్తే తెరుస్తారు. మంచి కప్పులు అక్కడే ఉంటాయి. మాట కూడా అంతే. ఇంటికొకటి, ముందుగదికొకటి. గిన్నెలు తోముతూ మొగుణ్ని దుమ్మెత్తిపోస్తున్న ఆడమనిషి ఫోను మోగగానే చేతులు తుడుచుకుని, గొంతు కూడా తుడుచుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు "నమస్కారమండీ, ఎవరు మాట్లాడుతున్నారు?" అంటుంది. అందులో మోసమేమీ లేదు. పెద్దవాళ్ల ముందు చొక్కా గుండీ పెట్టుకోవడం లాంటిది. ఆల్విన్‌కు ఆ గుండీ బడిలో బెత్తం దెబ్బలతో కుట్టారు.

పోయిన శీతాకాలం ఆ పిలుపు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. స్వరపేటికలో గడ్డ అన్నారు. ప్రాణం నిలవాలంటే పేటిక మొత్తం తీసేయాలన్నారు.

ఆసుపత్రి నుంచి ఫ్రేయా అనే అమ్మాయి వచ్చింది. దక్షిణ ఇంగ్లండు పిల్ల, మెత్తని మనిషి. చేతిలో పలక లాంటి చిన్న కంప్యూటరు. ఆల్విన్ ఇప్పుడే కొన్ని వందల వాక్యాలు చదివి పెడితే, యంత్రం ఆ గొంతు నేర్చుకుంటుందట. ఆపరేషను తర్వాత ఆయన ఏది టైపు చేసినా ఆ గొంతుతోనే పలుకుతుందట. "ఆలస్యం చేయకండి. ఈ గొంతు ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం," అంది.

ఆ సాయంత్రం ఆయన భార్య బ్రెండా కంచె దగ్గరికొచ్చి నిలబడింది. "పేటిక పోతే పోనీ, ఆడి గొంతు మిగిల్తే సాలు నాకు. ఆడు తిట్టకపోతే నాకు తెల్లారదు, పొద్దు గుంకదు," అంది.

ఆల్విన్ రోజూ మధ్యాహ్నం చదివాడు. బ్రెండాను బజారుకు తోలేసేవాడు. "నువ్వుంటే నాకు నవ్వొస్తాది, పోయే" అనేవాడు. ఒకరోజు వీధిలో పోతూ కిటికీలోంచి చూశాను. ముందుగది తెరిచి ఉంది. ఆయన టై కట్టుకున్నాడు, జుట్టు తడిపి దువ్వుకున్నాడు. వీపు నిటారుగా పెట్టి పెదవులు కదుపుతున్నాడు. అద్దానికి ఇవతల ఏమీ వినిపించలేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయాను.

యంత్రం సిద్ధమైన రోజు బ్రెండా నన్నూ పిలిచింది. వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆల్విన్ ఒంటివేలితో ఏదో కొట్టాడు. పలక మాట్లాడింది. "బ్రెండా, టీకి నీళ్లు పెట్టవే."

మాటలు ఆయనవే. కానీ ఒక్కొక్క అక్షరాన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టుంది.

బ్రెండా పకపకా నవ్వింది. "ఓలమ్మో, ఈ బాబెవులు? బీమా ఆయన గావాల! మంచి కప్పులు తెండి, బిస్కత్తులెట్టండి!"

ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె నవ్వు కూడా సన్నగిల్లి ఆగిపోయింది. ఆల్విన్ మరో మాట కొట్టాడు. మళ్లీ అదే పెద్దమనిషి పలికాడు.

"ఏటి సేసినావు?" అంది బ్రెండా.

"సదివినాను."

"ఏ గొంతుతోటి?"

ఆయన బల్లమీది మరకను గోటితో గీకాడు. "ఆసుపత్రోల పెట్టె గదా. ఆల ముందల ఇంటి మాట ఎలాగ మాటాడతాను?"

"సచ్చినోడా, అది ఆలకి గాదురా. నాకు."

ఆయన పలకను బోర్లించి పక్కకు తోశాడు.

కబురు పంపితే ఫ్రేయా పరుగున వచ్చింది. మళ్లీ చదివించబోయింది. అప్పటికే ఆ గొంతు తెగిపోయే దారంలా ఉంది. ఒక్కో మాటకూ చిట్లుతోంది. "పాత వీడియోలు ఏమైనా ఉన్నాయా? పెళ్లిళ్లవీ పండగలవీ? ఉంటే కొంత సరిచేయొచ్చు," అంది.

బ్రెండా ఇల్లంతా వెతికింది. కూతురి పెళ్లిలో ఆయన చేసిన ప్రసంగం దొరికింది. ముందుగది గొంతు. కెనడాలోని తమ్ముడికి పంపిన క్రిస్మస్ క్యాసెట్టు. ముందుగది గొంతు. ఫోనులో దాచుకున్న సందేశం, పావురాల క్లబ్బులో బహుమతి అందుకుంటూ చెప్పిన నాలుగు మాటలు, అన్నీ అదే. ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, ఆయన లోపలికి వెళ్లిపోయి ఆ పెద్దమనిషిని బయటికి పంపేవాడు. ఆమెను తిట్టినవీ లాలించినవీ ఏ టేపుకూ అంటుకోలేదు. యాభై ఏళ్ల కాపురం గాలికి చెప్పుకున్నట్టయింది.

ఆఖరికి బ్రెండా తన ఫోను ఆన్ చేసి క్రీలో గింజల బస్తా వెనక దాచింది. ఆయనకు తెలియకుండా అయినా నాలుగు మాటలు దొరుకుతాయని. దొరికినవి రెక్కల చప్పుళ్లు, దగ్గులు, ఒక గుసగుస. ఫ్రేయా ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని చివరిదాకా విన్నది. "సరిపోదండీ," అంది. ఆ మాట అంటున్నప్పుడు మా వైపు చూడలేదు.

ఆపరేషను రోజు పొద్దున నేనూ వెళ్లాను. మధ్యాహ్నం తీసుకెళ్తామన్నారు. బ్రెండా టీ తెచ్చుకుందామని కిందికి వెళ్లింది. తెరల మధ్య మంచం మీద ఆల్విన్ పైజమాలో, గుండీలు విప్పుకుని, పిల్లాడిలా ఉన్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వినాలంటే వంగాలి.

"మర్రా, ఇను. మాయమ్మ నన్ను గని మేనేజరు కాడికి తోలుకెల్నాది. దారిలో ఉమ్ముతోటి నా మొకం తుడిసి, 'ఆయన ముందల మనిసిలాగ మాటాడరా' అన్నాది. మరి ఇంటికాడ మనం ఏటి? అదే అడగాలనుకున్నాను. అడగనేదు." ఊపిరి కోసం ఆగాడు. "బ్రెండాకి ఓ మాట సెప్పాల. ఆ పెట్టె సెప్తే అది నవ్వుతాది. నానే సెప్పాల, ఈ నోటితోటి. రానీ..."

తెర జరిగింది. సర్జను, వెనక ఇద్దరు డాక్టరీ చదివే పిల్లలు. ముందున్న రోగికి జ్వరం రావడంతో ఆల్విన్‌ను ఇప్పుడే తీసుకెళ్తామన్నాడు. ఆల్విన్ లేచి నిటారుగా కూర్చున్నాడు. పైజమా పై గుండీ పెట్టుకున్నాడు.

"ఆయన భార్య కింద ఉన్నారు," అన్నాను.

"ఆగమంటే ఆగుతామండీ. ఆమెను చూస్తారా?" అని సర్జను ఆయన్నే అడిగాడు, దయగానే.

"అవసరం లేదండీ. మీకు ఇబ్బంది కలిగించను," అన్నాడు ఆల్విన్.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నోరు తెరిచాడు, సర్జను వైపు చూశాడు, మళ్లీ నా వైపు తిరిగాడు. గొంతులో మిగిలిన దారమంతా కూడదీసుకుని, ఒక్కో అక్షరాన్నీ తుడిచి పెడుతూ అన్నాడు:

"శ్రమపడి ఇంతదూరం వచ్చినందుకు చాలా కృతజ్ఞతలండీ. ఇక మీరు బయలుదేరవచ్చు."